ఆందోళనకు అవిశ్వాసమని పేరు పెట్టకండి

విశ్వాసికి ఆందోళన ఉండకూడదట. ఉందంటే అతని విశ్వాసంలోనే లోపం ఉన్నట్టట. మన తెలుగు సంఘాల్లో బాగా పాతుకుపోయిన అభిప్రాయం ఇది. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా, ఆపైన విజయవాడ రోడ్డు మీద బాటసింగారం దాకా ఏ ప్రార్థనా మందిరంలో కూర్చున్నా ఏదో ఒక రూపంలో ఈ మాట చెవిన పడుతుంది. నిద్ర పట్టడం లేదని చెప్పుకున్నవాడికి "నువ్వు కృతజ్ఞతాస్తుతులు సరిగా చెల్లించడం లేదు బ్రదర్" అని జవాబు వస్తుంది. గుండె దడగా ఉంటోందన్న ఆమెను మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో ఉండమంటారు. డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్నానన్న కుర్రాణ్ణి "దేవుణ్ణి నమ్ముతున్నావా, మాత్రల్ని నమ్ముతున్నావా" అని నిలదీస్తారు. సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చేవాళ్లంతా గట్టెక్కినవాళ్లే. ఇంకా గట్టెక్కనివాళ్లు వెనక చాప మీద తల వంచుకుని కూర్చుంటారు.

ఈ అభిప్రాయం తప్పు. లేఖనాలు దాన్ని ఒప్పుకోవు, తెలుగు క్రైస్తవుల చరిత్ర ఒప్పుకోదు. మనుషులకు అది చేస్తున్న హాని చూస్తే మనమూ ఒప్పుకోకూడదు. ఈ మాట నేను బయట నిలబడి అనడం లేదు. క్రీస్తులో సమాధానం దొరుకుతుందని నమ్ముతాను. కృతజ్ఞత మనిషిని నిలబెడుతుందనీ నమ్ముతాను. అంత విలువైన రెండింటినీ, ఇప్పటికే కుంగిపోయిన మనిషి మీద బెత్తంలా ఝళిపించడం చూస్తూ ఊరుకోలేను.

ఎదుటి వాదాన్ని ముందు దాని బలంతోనే చెప్పాలి. వాళ్లు రెండు చోట్లు చూపిస్తారు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో తిండి గురించి, బట్ట గురించి చింతపడవద్దని యేసు చెప్పాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు ఏ విషయంలోనూ చింతపడవద్దన్నాడు. ఇవి ఆజ్ఞలు, ఆజ్ఞ మీరడం పాపం, కాబట్టి చింతపడేవాడు పాపం చేస్తున్నాడని వాళ్ల తర్కం. దీనికి అనుభవమూ తోడుంది. ప్రార్థన చేశాక మనసు తేలికపడిందని, రోజూ దేవునికి వందనాలు చెప్పడం అలవాటయ్యాక ఇల్లు నెమ్మదించిందని చెప్పేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్లు చెప్పేది నిజమే. ఆ అనుభవాన్ని నేను కాదనను. దాన్ని పట్టుకుని పక్కవాడికి తీర్పు తీర్చే తర్కాన్ని కాదంటాను.

ఫిలిప్పీ పత్రికను నాలుగో అధ్యాయం నుంచి కాకుండా మొదటి నుంచి చదవండి. సంకెళ్లలో ఉన్న మనిషి రాసిన ఉత్తరం అది. రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే సహోదరుడు కనిపిస్తాడు. ఫిలిప్పీ సంఘం పంపిన సాయం పౌలుకు చేర్చడానికి వచ్చి, జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు. అతను పోయి ఉంటే తన దుఃఖం రెట్టింపయ్యేదని పౌలు దాచకుండా రాశాడు. అతన్ని క్షేమంగా మీ దగ్గరికి పంపితే నా బాధ కొంత తగ్గుతుందనీ రాశాడు. ఆ తర్వాత రెండు అధ్యాయాలకు, అదే ఉత్తరంలో, చింతపడవద్దన్నది ఈ మనిషే. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పదకొండో అధ్యాయంలోనూ అంతే. తిన్న దెబ్బలు, బద్దలైన ఓడలు, ఆకలి, చలి అన్నీ చెప్పి, వాటికి తోడు సంఘాలన్నిటి గురించిన చింత ప్రతిరోజూ తన మీద భారంగా ఉందని ఒప్పుకున్నాడు. పౌలును కూడా వెనక చాప మీద కూర్చోబెడదామా?

చింతపడవద్దని చెప్పి పౌలు అంతటితో ఆపలేదు. ప్రతి విషయంలోనూ మీకు కావలసింది దేవునికి చెప్పుకోండి, కృతజ్ఞతతో చెప్పుకోండి అన్నాడు. చెప్పుకోవాలంటే లోటు ఉన్నట్టు ఒప్పుకోవాలి. భయం ఏమిటో, అప్పు ఎంతో, జబ్బు ఏమిటో నోటితో బయటపెట్టాలి. కృతజ్ఞత ఆ మనవికి తోడుగా వచ్చింది. మన సంఘాల్లో మాత్రం మనవిని మధ్యలోనే ఆపి, కృతజ్ఞత ఒక్కటే వినిపించమంటున్నాం. దేవుని సమాధానం మన హృదయాలకు కావలి కాస్తుందని కూడా ఆ పత్రికే చెబుతోంది. దాడి లేని ఊరికి కావలి ఎందుకు? ఆ వాగ్దానం భయం తలుపు తట్టే మనుషుల కోసమే ఇచ్చింది.

కొండమీది ప్రసంగం విన్నవాళ్లు ఎవరు? జాలర్లు, రైతులు, రోజుకూలీలు. రేపటి తిండికి భరోసా లేనివాళ్లు. మీ అవసరం మీ తండ్రికి తెలుసని యేసు వాళ్లకు ధైర్యం చెప్పాడు. ఏ రోజు కష్టం ఆ రోజుకుందనీ అక్కడే ఒప్పుకున్నాడు. కష్టమే లేదని బుకాయించలేదు. భయపడ్డవాళ్లను విశ్వాసుల లెక్కలోంచి కొట్టేయనూ లేదు. అల్పవిశ్వాసులారా అని మందలించిన శిష్యులనే చివరిదాకా వెంట ఉంచుకున్నాడు.

ఇక అప్పగింపబడిన రాత్రి. ఆ రాత్రి భోజనబల్ల దగ్గర యేసు రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు, గిన్నె పట్టుకునీ చెల్లించాడు. ప్రతి ప్రభురాత్రి భోజనంలో మనం గుర్తుచేసుకునేది ఆ స్తుతినే. కొన్ని గంటలు తిరగకముందే గెత్సేమనే తోటలో, చచ్చిపోయేంత వేదనగా ఉందని ముగ్గురు శిష్యులతో చెప్పుకున్నాడు. నాతో మెలకువగా ఉండమని వాళ్లను అడిగాడు. ఒకే ప్రార్థనను మూడుసార్లు చేశాడు. చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. మనవాళ్ల సూత్రం ప్రకారం బల్ల దగ్గర కృతజ్ఞత చెప్పినవాడికి తోటలో వేదన రాకూడదు. వచ్చిందంటే బల్ల దగ్గరి కృతజ్ఞతలో ఏదో తేడా ఉండాలి. ఈ మాట అనడానికి ఏ బోధకుడికైనా నోరు వస్తుందా? కృతజ్ఞత నిజం, వేదనా నిజం. రెండూ ఒకే రాత్రి, ఒకే హృదయంలో ఉన్నాయి. ఆ ఒక్క రాత్రి చాలు, ఆందోళన పాపమన్న వాదాన్ని పక్కన పెట్టడానికి.

లేఖనాల్లో ఎక్కడ చూసినా ఇదే తీరు. కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా ఆ వెంటనే ప్రాణభయంతో పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవుడు ప్రసంగం వినిపించలేదు. దూతతో రొట్టె, నీళ్లు పంపించాడు. నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. తర్వాతే మాట్లాడాడు. హన్నా గుండె పగిలేలా ప్రార్థిస్తుంటే గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. పొరబాటు యాజకుడిది, హన్నాది కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నీ కష్టానికి నీ తప్పే కారణమని నోరు విప్పినప్పటి నుంచి పక్కదారి పట్టారు, పుస్తకం చివర దేవుని కోపానికి గురయ్యారు. నూట యాభై కీర్తనల్లో విలాపాలకు కొదవ లేదు. ఎనభై ఎనిమిదో కీర్తన స్తుతితో కాకుండా చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని కూడా పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారు. అది సరిగా లేదని ఎవరూ తీసేయలేదు.

మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమనేవాళ్లు రాజుల రెండో గ్రంథం ఇరవయ్యో అధ్యాయం చదవాలి. చావు పడక మీదున్న హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థనకు జవాబు దొరికాక కూడా కట్టు కట్టారు. పౌలు వెంట ప్రయాణించిన లూకా వైద్యుడే. కడుపునొప్పితో బాధపడే తిమోతికి పౌలు ఆనాటి మందుగా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. విశ్వాసం పెంచుకో, అదే తగ్గుతుంది అనలేదు.

ఇక మన మధ్యనున్న మనుషుల సంగతి. పండ్లు అమ్ముకుని బతికేవాళ్లను చూడండి. కొత్తపేటలో 1986 నుంచి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలాన్ని ప్రభుత్వం పెద్దాసుపత్రికి కేటాయించింది. 2021 చివర, 2022 మొదట్లో కోర్టు వివాదాల నడుమ మార్కెట్ బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకు తరలిపోయింది. శాశ్వత మార్కెట్ కోహెడలో కడతామన్నారు. అంతకుముందు 2020లో కరోనా వల్ల మామిడి అమ్మకాలను కోహెడకు మారిస్తే, మే నెల ఈదురుగాలికి అక్కడి షెడ్లు కూలి మనుషులు గాయపడ్డారు. చోటు మారిన ప్రతిసారీ దాని బరువు మోసింది అందరికన్నా చిన్నవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తోపుడుబండ్ల వాళ్లకు కూతవేటు దూరంలో ఉన్న మార్కెట్ దాదాపు 20 కిలోమీటర్ల అవతలికి పోయింది. చీకటితోనే లేచి, నలుగురు కలిసి ట్రాలీ ఆటో కిరాయి పంచుకుని వెళ్లాలి. కొన్న బొప్పాయి రెండు రోజుల్లో మెత్తబడుతుంది, అరటి నల్లబడుతుంది, అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. నల్లగొండ నుంచి బత్తాయి తెచ్చిన రైతుకు వేలం పాట ఎక్కడ ఆగుతుందో, తరుగు ఎంత తీస్తారో తెలియదు. హమాలీకి లారీ వస్తేనే కూలి.

ఇలాంటి మనిషికి రాత్రి నిద్ర పట్టకపోతే, అతని భయం అతనికి అబద్ధం చెప్పడం లేదు. ఉన్న పరిస్థితినే చెబుతోంది. "సోదరా, చింతపడకు, స్తుతించు" అన్న మాట అతని లెక్కల పుస్తకంలో ఒక్క అంకెనూ మార్చదు. పైగా కొత్త భారం ఒకటి ఎత్తుతుంది. అప్పుల భయంతో వచ్చినవాడు, దేవుడు కూడా తన మీద అలిగాడన్న భయాన్ని మోసుకుంటూ ఇంటికి పోతాడు.

ఇంకో రకం ఆందోళన ఉంది. బయట కారణం వెతికితే దొరకదు, శరీరంలో కాపురం పెడుతుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. అలాంటి చోట నుంచి బతికి బయటపడ్డవాళ్లకు ఏళ్లు గడిచినా టైరు పేలిన చప్పుడుకు చెమటలు పట్టవచ్చు. కృతజ్ఞత లేక కాదు, శరీరం మరిచిపోక. ఇదే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలున్నారు. 2019లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి వయసు పిల్లవాడు ఛాతీ బిగుసుకుంటోందని, ఊపిరి ఆడడం లేదని పాస్టరుగారి దగ్గరికి వస్తే, నీ విశ్వాసం బలహీనమని పంపేయడం ప్రమాదంతో ఆడుకోవడమే.

మన పూర్వీకుల సంఘం ఇలా ప్రవర్తించలేదు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం మాడిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలైలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు కూలి ఇచ్చారు, తర్వాతే స్తుతి పాడారు. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ కరువు కాలంలో ఆకలిగొన్న జనానికి పని, తిండి చూపించాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన అక్కడి మహాదేవాలయం వెనక ఆ చరిత్ర ఉంది. గుంటూరులో 1883లో అడుగుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రి నిలబెట్టింది. రాయలసీమ నుంచి మనవాళ్లు రైళ్లెక్కి వెళ్లే వెల్లూరు సి.ఎం.సి.లో 1957 నుంచి మానసిక వైద్యానికి ప్రత్యేక కేంద్రం ఉంది. రోగితోపాటు కుటుంబం కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకోవడం అక్కడి పద్ధతి. వీళ్లందరిదీ ప్రార్థించే విశ్వాసమే. వైద్యాన్ని దేవునికి పోటీగా చూసిన విశ్వాసం కాదు. మందులు వద్దనే బోధ మన వారసత్వం అనుకోవడం చరిత్ర తెలియకపోవడమే.

మరి కృతజ్ఞత వృథానా? కాదు. 2003లో మనస్తత్వవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అచ్చువేసిన ప్రయోగాల్లో, తమకు అందిన మేళ్లను క్రమం తప్పకుండా రాసుకున్నవాళ్లు, చికాకులు రాసుకున్నవాళ్లకంటే జీవితం గురించి మెరుగ్గా భావించారు. ఆ తర్వాత జరిగిన 27 అధ్యయనాలను కలిపి చూసిన ఒహాయో పరిశోధకులు మాత్రం, ఆందోళన, కుంగుబాటు లక్షణాలను కృతజ్ఞతా అభ్యాసాలు తగ్గించేది కొద్దిగానే అని తేల్చారు. ఈ రెండు మాటలనూ కలిపి తీసుకోవాలి. కృతజ్ఞత మేలు చేస్తుంది, కానీ చికిత్స చేయవలసిన పని దాని నెత్తిన పెట్టకూడదు. పెడితే రేపు అది విఫలమైనప్పుడు మనిషి కృతజ్ఞతనే అసహ్యించుకుంటాడు.

కృతజ్ఞత ఎప్పుడు పుడుతుందో లూకా సువార్త పదిహేడో అధ్యాయం చెబుతుంది. పదిమంది కుష్ఠరోగులు ముందు కరుణించమని దూరం నుంచి అరిచారు. ఎవరూ వాళ్లను స్తుతితో మొదలుపెట్టమనలేదు. స్వస్థత కనిపించాక ఒకడు తిరిగొచ్చి యేసు పాదాల దగ్గర పడ్డాడు. ఆ కృతజ్ఞత ఎవరూ పిండి తీసింది కాదు, దానంతట అది పొంగింది. మన కోత పండుగల్లోనూ ఇదే అర్థం ఉంది. పండిన గుమ్మడికాయో, వడ్ల గంపో చేతిలో పట్టుకుని రైతు గుడికి వస్తాడు. ఎండిన ఏడాది కూడా అదే గంప తెమ్మని అతన్ని సిగ్గుపరచకూడదు. ఆ ఏడాది సంఘమే అతని ఇంటికి గంప పట్టుకెళ్లాలి.

అవతలి వైపు నుంచి మరో వాదం వస్తుంది. ఈ విశ్వాసమంతా మత్తుమందేనని, కష్టానికి కారణమైన వ్యవస్థ మీద కోపం రాకుండా జనాన్ని జోకొడుతుందని అంటారు. నేను పైన ఖండించిన బోధ గురించైతే ఆ ఆరోపణ నిజం. అసలైన ప్రార్థన గురించి మాత్రం అబద్ధం. ఎంతకాలమని దేవుణ్ణే నిలదీసే కీర్తనలు పాడేవాడు అన్యాయానికి అలవాటుపడడు. తనకు విలువ ఇచ్చే తండ్రి ఉన్నాడని నమ్మిన హమాలీ కూలి తగ్గించినప్పుడు తలెత్తి అడగగలడు. సమాధానం పొందినవాడు సోమరి అవుతాడనుకోవడం, క్లౌను, కుగ్లర్‌ను చూడకుండా మాట్లాడడమే.

మన సంఘాల్లోనూ ఒక భయం ఉంది. మానసిక వైద్యుడి దగ్గరికి పంపడం మొదలుపెడితే జనం ప్రార్థన మానేస్తారని పెద్దలు జంకుతారు. వాళ్ల బాధ్యతను నేను తక్కువ చేయను. అర్ధరాత్రి ఫోనెత్తేది చాలాసార్లు పాస్టరుగారే, ఆసుపత్రి మంచం పక్కన కూర్చునేది పాస్టరమ్మగారే. అందుకే వాళ్ల మాటకు అంత బరువు. షుగరుకు మందు వేసుకునే విశ్వాసి ప్రార్థన మానలేదు, బీపీ మాత్ర వేసుకునే పాస్టరుగారు బోధ ఆపలేదు. మనసుకు మాత్రమే వేరే న్యాయం ఎందుకు? నిద్ర పట్టి, చేతుల వణుకు తగ్గిన మనిషి ప్రార్థనలో ఇంకాసేపు నిలబడగలడు.

కాబట్టి పెద్దలను అడిగేది స్పష్టంగా అడుగుతాను. ఆందోళన పాపమని ప్రసంగించడం ఆపండి. ఇంకా కష్టంలోనే ఉన్నవాళ్లకు కూడా సాక్ష్యం చెప్పే అవకాశం ఇవ్వండి, చివర విజయం లేకపోయినా ఆమెన్ చెప్పండి. నెలకో ఆదివారం విలాప కీర్తన చదవండి. ప్రార్థన చేసిన తర్వాత అప్పు ఎంత, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత అని కూర్చుని అడగండి. కానుకల్లో కొంత ఆ అవసరానికి తీయండి. రెండు వారాలుగా నిద్ర, తిండి లేనివాళ్లను, చావు మాట ఎత్తినవాళ్లను ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి వెంటపెట్టుకుని వెళ్లండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు చెప్పడానికి సిగ్గుపడకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దాన్ని వాక్యం రాసిన బోర్డు పక్కనే రాయించండి.

ఆందోళనతో ఉన్న విశ్వాసికి కూడా ఒక మాట. నీ భయం నీ మీద తీర్పు కాదు. కృతజ్ఞత చెప్పగలిగిన రోజు చెప్పు, చెప్పలేని రోజు నీ బాధనే దేవునికి చెప్పు. అది కూడా విశ్వాసమే. మందు వేసుకో, నమ్మకమైన మనిషితో మాట్లాడు, ప్రార్థన మానకు. పౌలు చెప్పిన కావలి ఇలాంటి మనుషుల కోసమే ఉంది. ఆ సమాధానం మన ప్రతిభకు ఇచ్చే బహుమతి కాదు, కృపగా దొరికేది. దాన్ని కొలిచి పంచే అధికారం ఏ బోధకుడికీ లేదు.